కలకత్తా సందేశ్‌లో మా బాయికాడి ఈతచెట్టు

బిల్లు చూసి పెద్దక్క కళ్ళజోడు తీసి, చున్నీతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. అంకె మారలేదు. 2,340 రూపాయలు. నాలుగు కాఫీలు, రెండు టిరమిసులు, నలుగురం తలా ఒక చెంచా ముట్టుకుని వదిలేసిన చీజ్‌కేక్. సర్వీస్ చార్జి కూడా అందులోనే కలిపేశారు.

దక్షిణ కలకత్తాలో పాత ఇళ్ళను కెఫేలుగా మార్చడం ఇప్పుడొక మోజు. ఎర్ర గచ్చు నేల, ఆకుపచ్చ చెక్క రెక్కల కిటికీలు, వరండాలో పేము కుర్చీలు. ఇల్లు నిజంగానే ముచ్చటగా ఉంది. మెనూ కార్డు ఇవ్వరు, బల్ల మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేసుకోవాలి. అందులో ‘నోలెన్ గుర్ టిరమిసు’ కనబడగానే పంతులమ్మ ఇంక కిందికి చదవనివ్వలేదు. నోలెన్ గుర్ అంటే చలికాలంలో మాత్రమే వచ్చే కొత్త బెల్లమనీ, పోతే జనవరిలోనే కలకత్తా పోవాలనీ ఆర్నెల్లుగా మా చెవిలో జోరీగలా పోరు పెట్టింది ఆవిడే. తీరా చెంచా నోట్లో పెట్టుకుంటే క్రీము తగిలింది, కాఫీ తగిలింది, బెల్లం జాడ మాత్రం లేదు.

“ఇది బంజారాహిల్స్‌లో దొరకదటే? దీనికోసమా ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రీ ఒక పగలూ నడుములు పడేట్టు కూర్చున్నాం?” అంది డాక్టరమ్మ.

సర్వీస్ చార్జి మన ఇష్టం మీద ఇచ్చేదే తప్ప తప్పనిసరి కాదని పెద్దక్క ఆ కుర్రాడికి ముందు ఇంగ్లీషులో, తర్వాత హిందీలో, చివరికి ఓపిక పోయి తెలుగులో చెప్పింది. తెలుగులో చెప్పాకే తీసేశాడు.

మేం నలుగురం కోఠీ విమెన్స్ కాలేజీ హాస్టల్ బాపతు. పెద్దక్క మాకంటే ఒక ఏడాది సీనియర్, అందుకని పర్సు ఆమె దగ్గరే. డాక్టరమ్మ మందుల డాక్టరు కాదు, హోమ్‌సైన్స్‌లో పి.హెచ్‌.డి. అయినా మా అందరి షుగర్ లెక్కలు ఆవిడవే. పంతులమ్మ జడ్‌.పి. స్కూల్లో సోషల్ టీచరు, గుడ్డు కూడా ముట్టదు. కలకత్తా లాంటి ఊళ్ళో ఆ మనిషితో తిరగడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? హాస్టల్ రోజుల్లో గోకుల్ చాట్‌లో ఒక ప్లేటు తీసుకుని నాలుగు చెంచాలు అడిగేవాళ్ళం. ఇప్పుడు నలుగురికీ జీతాలున్నాయి. అయినా ఆ 2,340 మాత్రం ఎవరికీ గొంతు దిగలేదు.

ఆ రాత్రి రూములో పెద్దక్క ఒక రూలు పెట్టింది. ఫోన్లో చూసి పెట్టుకున్న లిస్టు చెత్తబుట్టలోకి. రేపట్నుంచి 1930కి ముందు పెట్టిన కొట్లకే పోవాలి. పాతవాళ్ళకి క్యూఆర్ కోడ్ అతికించే తీరిక ఉండదని ఆమె లాజిక్. లాజిక్ సంగతి ఎలా ఉన్నా, రూలు వల్ల తగువులు తగ్గాయి. న్యూ మార్కెట్లోని నాహూమ్స్ 1902, పాస్. బాగ్దాదీ యూదుల కుటుంబం పెట్టిన బేకరీ అది. లెమన్ టార్ట్ బాగుందని రెండోసారి కూడా వెళ్ళాం. ఫ్లూరీస్ 1927, మూడేళ్ళ తేడాతో గట్టెక్కింది గానీ, పార్క్ స్ట్రీట్ అనగానే పెద్దక్క పర్సు జిప్పు లాగేసింది. బహుబజార్లో భీమ్ నాగ్ 1826. ఆ కొట్లో గోడ గడియారం మీద అంకెలు బెంగాలీలో ఉంటాయి. ఒకప్పటి వైస్రాయి భార్య లేడీ కానింగ్ పేరు మీదే అక్కడి లేడికేని అనే మిఠాయి పుట్టిందని చెబుతారు. మన గులాబ్‌జామ్‌కి దగ్గరి చుట్టంలా ఉంది.

కాలేజీ స్ట్రీట్ కాఫీ హౌస్ దగ్గర మాత్రం కేసు నడిచింది. కాఫీ హౌస్ మొదలైంది 1942లో కాబట్టి చెల్లదని పెద్దక్క. ఆ భవనం ఆల్బర్ట్ హాల్ అనీ, అది 1876 నాటిదనీ సోషల్ టీచరు అప్పీలు. చివరికి అప్పీలే గెలిచింది. మేడ మీద పెద్ద హాలు, పొడుగాటి కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, తెల్ల డ్రెస్సులో తలపాగాల వెయిటర్లు. పాలు లేని కాఫీని వాళ్ళు ‘ఇన్‌ఫ్యూజన్’ అంటారు. ఒక్కొక్క బల్ల దగ్గర ఆరుగురు, బల్ల మీద రెండే కప్పులు, మాటలకు మాత్రం అంతులేదు. మమ్మల్ని లేవమన్నవాళ్ళు లేరు. మన ఇరానీ హోటళ్ళలోనూ ఇలాగే ఒక చాయ్ మీద పూట గడిపేవాళ్ళట. ‘అట’ అని ఎందుకన్నానంటే, మా హాస్టల్ రోజుల్లో ఆడపిల్లలు ఇరానీ హోటల్లోకి అడుగుపెట్టేది లేదు. బయట ఆటోలో కూర్చుంటే చాయ్ తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఇక్కడ మా పక్క బల్ల మీద అరవై దాటిన ముగ్గురు ఆడవాళ్ళు చేతులు తిప్పుతూ ఏదో రాజకీయమే వాదించుకుంటున్నారు. పెద్దక్క వాళ్ళవైపు చాలాసేపు చూసింది.

దగ్గర్లోనే పారమౌంట్‌లో కొబ్బరిబొండం షర్బత్ తాగాం. 1918 నాటి కొట్టు. ఆ షర్బత్ తయారీ చెప్పింది ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్, అంటే కెమిస్ట్రీ పుస్తకాల్లో కనబడే ఆయనే. అడుగున లేత కొబ్బరి తగులుతుంది. బాగుంది. ఇంక ముందుకు పోతాను, ఎందుకంటే నేను రాయాలనుకున్నది ఇవేవీ కావు.

మూడోరోజు పొద్దున్న గిరీష్ పార్క్ మెట్రోలో దిగి, రాందులాల్ సర్కార్ స్ట్రీట్ వెతుక్కుంటూ బయల్దేరాం. దారిలో బెథూన్ కాలేజీ. మన దేశంలో 1883లో డిగ్రీ తీసుకున్న తొలి ఆడవాళ్ళు, కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు, చదివింది ఇక్కడేనని పంతులమ్మ పాఠం మొదలుపెట్టేసరికి డాక్టరమ్మ గేటు ముందు నిలబడి ఫొటో తీయమంది. ఆ ఒక్క ఫొటోకి పావుగంట పట్టింది. జుట్టు సరిగ్గా రాలేదని రెండుసార్లు, వెనక రిక్షా వచ్చిందని ఒకసారి.

మేం వెతుకుతున్న కొట్టు గిరీష్ చంద్ర దే, నకుర్ చంద్ర నంది. అందరూ నకుర్ అనే అంటారు. 1844. లోపలికి పోయి కూర్చునేది లేదు. ఇనప ఊచల వెనకాల మిఠాయి తట్టలు, మనం రోడ్డు మీదే నిలబడి వేలుతో చూపించాలి. ఇక్కడ రసగుల్లాలేవీ లేవు, పాలవిరుగుడుతో చేసే సందేశ్‌దే రాజ్యం. తట్టలో లేత గోధుమరంగులో, సరిగ్గా తాటిముంజ ఆకారంలో ఉన్నవి కనబడితే నాలుగు ఇమ్మన్నాను.

“దీదీ, ఆగండి, ఆగండి!” అన్నారెవరో వెనకనుంచి, హిందీలో.

అప్పటికే డాక్టరమ్మ కొరికేసింది. అందులోంచి చిక్కటి గోధుమరంగు రసం ఒక్కసారిగా చిమ్మి, ఆమె గడ్డం మీంచి జారి క్రీమురంగు శాలువా మీద మూడు చుక్కలు పడింది.

ఆగమన్నది డెబ్బై దాటిన పెద్దాయన. మంకీ క్యాపు, స్వెట్టరు, దానిమీద ఇంకో స్వెట్టరు, చేతిలో జనపనార సంచి. ఇంతా చేస్తే ఆ రోజు చలి మన సికింద్రాబాద్ చలికంటే ఎక్కువేమీ లేదు. నవ్వాపుకుంటూ జేబురుమాలు ఇవ్వబోయి, అది వాడినదని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

“దీన్ని జలభరా అంటారు. లోపల రసం ఉంటుంది. ఇలా పక్కనుంచి కాదు, మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి” అని చేసి చూపించారు. చందన్‌నగర్ దగ్గర ఒక జమీందారు ఇంటి ఆడవాళ్ళు కొత్త అల్లుణ్ణి ఆటపట్టించాలని సూర్య మోదక్ అనే మిఠాయి ఆయనతో చేయించారట దీన్ని. అప్పట్లో లోపల గులాబి నీళ్ళు. అల్లుడు దర్జాగా కొరికాడు, పట్టుబట్టలన్నీ తడిసిపోయాయి. కథ చెబుతున్నంతసేపూ పెద్దాయన డాక్టరమ్మ శాలువానే చూస్తున్నారు. “అయితే నేను ఇవాళ కొత్తల్లుణ్ణి” అంది డాక్టరమ్మ. దాన్ని హిందీలోకి మార్చే పూచీ పంతులమ్మ తీసుకుంది. ఆయన పగలబడి నవ్వారు.

నేను ఆయన చెప్పినట్టే మొత్తం నోట్లో పెట్టుకున్నాను. పైన మెత్తటి విరుగుడు నాలుక మీద కరిగిపోయింది. ఆ తర్వాత రసం. తీపి సంగతి తర్వాత, ముందు వాసన వచ్చింది. పొగ, పచ్చి మట్ట, తెల్లవారుజాము. ఇది నాకు తెలుసు. ఎక్కడ, ఎప్పుడు అని వెతుక్కుంటూ రోడ్డు మీద నిలబడిపోయాను.

మా ఊరు నల్లగొండ వైపు. మా బాయికాడ, గట్టు మీద ఆరు ఈతచెట్లు. గీసే తాత మోకు భుజాన వేసుకుని చీకటితోనే వచ్చేవాడు. లొట్టి దించగానే, నా మారాం పడలేక, మోదుగాకు డొప్పలో కొంచెం పోసేవాడు. సూర్యుడు పైకి రాకముందు అది కల్లు కాదు, తీపి నీళ్ళే. “పొద్దెక్కితె నీది కాదు బిడ్డా, మీ తాతది” అనేవాడు. ఎనిమిదేళ్ళ దాకా తాగానేమో. హైదరాబాద్ స్కూల్లో వేశాక ఆ సంగతే మర్చిపోయాను.

“దాదా, ఈ బెల్లం ఏ చెట్టుది?” అని అడిగాను.

“ఖేజూర్.”

ఖర్జూరం అనుకున్నాం మేమంతా. కాదు. ఆయన చేతుల్తో చూపించాడు, గరుకు మాను, ముళ్ళ మట్టలు, చిన్న పండ్లు. మన ఈతచెట్టు. ఫోన్లో బొమ్మ తీసి చూపిస్తే అదేనన్నారు. చెట్టు గీసే మనిషిని వాళ్ళు శిఉలి అంటారట. సాయంత్రం కుండ కట్టి, ఎండ తగలకముందే దించి, వెంటనే పొయ్యి మీద పెట్టి కాచాలి. చెట్టుకు కొన్నాళ్ళు విశ్రాంతి ఇచ్చి గీసినప్పుడు వచ్చే మొదటి రసం అన్నిటికంటే మేలైనదట. చలి ఎంత ముదిరితే రసం అంత బాగుంటుంది. ఎండెక్కాక దించితే?

“తాడీ” అన్నారు పెద్దాయన, బొటనవేలు నోటి దగ్గర పెట్టి తాగుతున్నట్టు చూపిస్తూ.

అదే చెట్టు, అదే కుండ. పొద్దు పొడిచేలోపు పొయ్యి ఎక్కితే సందేశ్, లేటయితే మా తాత. ఈ మాట పైకి అంటే పెద్దక్క రోడ్డు మీదే కూర్చుని నవ్వింది. నా కళ్ళల్లో నీళ్ళెందుకు తిరిగాయో వాళ్ళకు చెప్పలేదు. మిఠాయి గొంతుకు అడ్డం పడిందన్నాను.

తర్వాత మేం ముగ్గురం తలా మూడు తిన్నాం. రోజుకు రెండే అన్న డాక్టరమ్మ నాలుగు తింది. శాలువా పాడైందిగా, నష్టపరిహారమట. నలుగురికీ కలిపి అయిన ఖర్చు ఆ టిరమిసు ఒక్కదాని ధరకు అటూ ఇటూగా ఉందని పెద్దక్క లెక్కవేసి ఆ రోజంతా హుషారుగా తిరిగింది. గిరీష్ పార్క్ నుంచి మహాత్మా గాంధీ రోడ్‌కి మెట్రో టికెట్ 5 రూపాయలంటే నమ్మక కౌంటర్లో రెండుసార్లు అడిగింది కూడా. పంతులమ్మకు పుటీరామ్‌లో పచ్చిబఠాణీ కచోరీ దొరికింది. ఆకలితో ఉన్న ఉత్త శాకాహారి మొహం వెలగడం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాం. పెద్దక్కా డాక్టరమ్మా మర్నాడు బంగాళాదుంప వేసిన బిర్యానీ తిన్నారు. దాని గురించి హైదరాబాదీలుగా మేం మాట్లాడకపోవడమే మర్యాద.

పెద్దాయన చెప్పిన గుర్తుల ప్రకారం హాతీబగాన్ మార్కెట్‌కి పోయి పాటాలీ బెల్లం కొన్నాం. అంటే అదే రసాన్ని గట్టిగా కాచి పోసిన అచ్చులు. కిలో నాలుగు వందలన్నాడు, పెద్దక్క మూడు వందల ఇరవైకి దించింది. నిజానికి ఇంకా దిగేవాడేమో, నేనే ముందు సంచి తెరిచేశాను. జయనగర్ మొవా కూడా ఒక పెట్టె తీసుకున్నాం. అచ్చం మన పేలాల ఉండే, ఈతబెల్లంతో కట్టింది. భువనేశ్వర్ దాటేలోపు పెట్టె ఖాళీ.

తిరుగు రైల్లో వాసన బోగీ అంతా పట్టింది. ఎదురు బెర్తు ఆవిడ సంచిలో ఏముందని రెండుసార్లు అడిగింది. సికింద్రాబాద్‌లో దిగేసరికి బెల్లం కంటే చీమలే ఎక్కువ ఉన్నాయి. ఏ స్టేషన్లో ఎక్కాయో.

అమ్మకు ఒక అచ్చు పట్టుకుని ఊరికి పోయాను. ఆ బెల్లంతో పాయసం చేయమన్నాను. పాలు మరుగుతుండగా తొందరపడి నేనే బెల్లం వేశాను, పాలు విరిగిపోయాయి. పొయ్యి మీంచి దించి చల్లారాక వెయ్యాలని ఇన్నేళ్ళొచ్చినా తెలియదా అని అమ్మ తిట్టి, మిగిలిన ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

“దీనికోసం అంత దూరం పోయినవా? మన బాయికాడ ఇంకా నాలుగు చెట్లున్నయి. గీసేటోళ్ళే లేరు” అంది.

విరిగిన పాయసం ఇద్దరం గిన్నె ఊడ్చి తిన్నాం.