గోధుమ రంగు తిరిగిన సీరం ఇంకా మొహానికి రాస్తున్నారా?

విటమిన్ సీ సీరం కొన్న కొత్తలో నీళ్లలా తేటగా ఉంటుంది, మహా అయితే లేత పసుపు. కొన్నాళ్లకి ముదురు పసుపు, ఆ తర్వాత గోధుమ రంగు. చాలామంది అప్పుడు కూడా అంత పోసి కొన్నాం కదా పారేస్తే ఎలా అని రోజూ పొద్దున్నే రాసేస్తూనే ఉంటారు. మా ఫ్రెండ్ ఒకావిడ వేళ్ల కొసలకీ గోళ్ల చుట్టూ నారింజ మరకలు పడ్డాయి, సబ్బుతో ఎంత తోమినా పోవట్లేదు అని చెయ్యి చాపి చూపించింది. ఏంటా అని చూస్తే ఈ సీరమే! విటమిన్ సీ విరిగిపోతూ పోతూ ఎరిథ్రులోజ్ అనే పదార్థంగా మారుతుంది, ఎండలోకి వెళ్లకుండానే చర్మాన్ని గోధుమ రంగు చేసే సెల్ఫ్ ట్యానింగ్ క్రీముల్లో వేసేది కూడా దాన్నే. మొహంలో మెరుపు కోసం కొన్నది కాస్తా మరకలు పెడుతోందన్నమాట. నవ్వొచ్చింది కానీ పాపం.

విటమిన్ సీ ఒక యాంటీఆక్సిడెంట్, అసలు యాంటీఆక్సిడెంట్ చేసే పనేంటో తెలిస్తే అది ఎందుకలా పాడవుతుందో కూడా తెలిసిపోతుంది. ఎండలో ఉండే యూవీ కిరణాలు, సిగరెట్ పొగ, గాలిలో కాలుష్యం, వీటన్నిటి వల్ల చర్మంలో ఫ్రీ రాడికల్స్ పుడతాయి, వాటిలో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది కాబట్టి పక్కనున్న కొవ్వు నుంచో ప్రోటీన్ నుంచో డీఎన్ఏ నుంచో ఒకటి లాగేసుకుంటాయి, ఆ గొడవలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్‌ని ముక్కలు చేసే ఎంజైములు కూడా పెరుగుతాయి, ముడతలూ మచ్చలూ మొదలయ్యేది అక్కడే. యాంటీఆక్సిడెంట్ తన ఎలక్ట్రాన్ తనే ఇచ్చేసి ఆ లాగుడు ఆపుతుంది. ఇచ్చేశాక అది ఖర్చయిపోయినట్టే. మరి సీసా మూత తీసిన ప్రతిసారీ లోపలికి గాలి వెళ్తుంటే అది మన మొహం దాకా రాకముందే సీసాలోనే ఖర్చయిపోదా? అవుతుంది. అందుకే లేబుల్ మీద ఎంత శాతం అని ఉందో దానికన్నా అది ఇంకా బతికుందా లేదా అన్నదే నేను ముందు చూస్తాను.

శాతం సంగతి కూడా చెప్పుకుందాం, 30 శాతం అని పెద్ద అక్షరాలతో అమ్మేవి కనిపిస్తుంటాయి కదా. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో పనిచేసిన షెల్డన్ పిన్నెల్ అనే చర్మ డాక్టరు, ఆయన టీమూ 2001లో పంది చర్మం మీద చేసిన పరీక్షల్లో తేలిందేంటంటే, ఎల్ ఆస్కార్బిక్ యాసిడ్ (విటమిన్ సీ అసలు రూపం ఇదే) చర్మంలోకి దిగాలంటే పీహెచ్ (ఇది ఎంత తక్కువైతే ఆమ్ల గుణం అంత ఎక్కువ) 3.5 కన్నా తక్కువ ఉండాలి, 20 శాతం దాటితే అదనంగా లోపలికి వెళ్లేదేమీ లేదు. ఎక్కువ వేస్తే మంట మాత్రం ఎక్కువ. ఒకసారి లోపలికి దిగింది సగానికి తగ్గడానికి దాదాపు 4 రోజులు పడుతుందని కూడా అందులోనే చూశారు, కాబట్టి ఒక పూట మర్చిపోయామని కంగారుపడక్కర్లేదు. 2005లో అదే టీమ్ 15 శాతం విటమిన్ సీ, 1 శాతం విటమిన్ ఈ కలిపిన దానికి 0.5 శాతం ఫెరూలిక్ యాసిడ్ (మొక్కల్లో ఉండే ఇంకో యాంటీఆక్సిడెంట్) చేర్చి చూస్తే ఎండ నుంచి చర్మానికి దొరికే రక్షణ 4 రెట్ల నుంచి 8 రెట్లకి పెరిగింది. విటమిన్ ఈ తన ఎలక్ట్రాన్ ఇచ్చేసి డీలా పడితే విటమిన్ సీ దాన్ని మళ్లీ నిలబెడుతుంది, ఫెరూలిక్ యాసిడ్ ఆ రెండూ త్వరగా పాడవకుండా కాస్తుంది. ఈ మూడూ కలిస్తే బాగానే పనిచేస్తుందని నా నమ్మకం.

అలాగని సీరం రాసుకున్నాం కదా అని సన్‌స్క్రీన్ మానేస్తే మాత్రం దండగే. సన్‌స్క్రీన్ యూవీని ఆపుతుంది, దాన్ని దాటుకుని వచ్చిన దాని సంగతి సీరం చూసుకుంటుంది. పొద్దున మొహం కడుక్కుని ముందు సీరం, తర్వాత మాయిశ్చరైజర్, ఆఖరున సన్‌స్క్రీన్, అంతే.

ఇక తిండి. పెద్దవాళ్లకి రోజుకి విటమిన్ సీ అమెరికా లెక్క ప్రకారం ఆడవాళ్లకి 75, మగవాళ్లకి 90 మిల్లీగ్రాములు, పొగతాగేవాళ్లకి ఇంకో 35 అదనం. మామూలుగా పళ్లూ కూరగాయలూ తినేవాళ్లకి ఇదేం కష్టం కాదు. మరీ ఎక్కువ మింగితే రక్తంలో ఒక స్థాయి దాకా పెరిగి ఆగిపోతుంది, మిగతాది మూత్రంలో పోతుంది, అందుకే సీరం చేసే పని నోటితో మింగి చేయించలేం. అలాగే సీరం ఉంది కదా అని తిండి వదిలేయలేం, ఎందుకంటే అడుగున కొలాజెన్ తయారయ్యే చోటికి విటమిన్ సీ ఎక్కువగా రక్తంలోంచే వస్తుంది. టమాటా సంగతి కొంచెం వేరు, దానికి ఎరుపునిచ్చే లైకోపీన్ అనే యాంటీఆక్సిడెంట్ పచ్చిగా తింటే సరిగ్గా ఒంటికి పట్టదు, కాస్త నూనె వేసి ఉడికిస్తేనే బాగా పడుతుంది. క్యారెట్ మంచిదని పనిగట్టుకుని తినేవాళ్లకి అరచేతులు పసుపు పచ్చగా మారతాయి, జాండిస్ అని హడలిపోతారు కానీ కళ్లలో తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే అది క్యారెట్‌కి రంగునిచ్చే కెరోటిన్ పనే అయ్యుంటుంది, తగ్గిస్తే పోతుంది (అనుమానంగా ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి). సూపర్ ఫుడ్ అని స్కోర్లు చూపించి అమ్మేవాటిని నేనైతే పట్టించుకోను. ఏ తిండిలో యాంటీఆక్సిడెంట్ శక్తి ఎంతో చెప్పే ఆ ఓరాక్ స్కోర్ల పట్టికని అమెరికా వ్యవసాయ శాఖే 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది, టెస్ట్ ట్యూబులో వచ్చిన నంబరు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పదని.

నాకు అసలు పడనివి యాంటీఆక్సిడెంట్ మాత్రలు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేలమందికి పైగా ఉన్న పెద్ద ట్రయల్‌లో బీటా కెరోటిన్ మింగినవాళ్లకి లంగ్ క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది, ఈ ఫలితం 1994లో వచ్చింది. ఫ్రాన్స్‌లో విటమిన్ సీ, ఈ, బీటా కెరోటిన్, సెలీనియం, జింక్ కలిపి ఇచ్చిన ట్రయల్‌లో ఆడవాళ్లలో చర్మ క్యాన్సర్ ఎక్కువైంది, అది 2007లో ప్రింటయ్యింది. చర్మం కోసం మింగిన దాంతో చర్మానికే ముప్పు వచ్చిందంటే ఇంకేం చెప్పాలి! ఏదైనా లోపం ఉందని డాక్టర్ చెబితే అది వేరే విషయం, అందంగా ఉండడానికి మాత్రం వద్దు.

కొనేటప్పుడు ముదురు రంగు సీసా లేదా గాలి చొరబడని పంపు ఉన్నది చూడండి, చిన్న సైజే తీసుకోండి, రోజూ రాసినా ఒక్కోసారికి కొన్ని చుక్కలే కదా, పెద్ద సీసా సగం అవ్వకముందే రంగు మారిపోతుంది. డ్రాపర్ మొహానికి తాకించకండి, మూత బిగించండి, బాత్రూంలో పెట్టకండి. మీది సున్నితమైన చర్మం అయితే సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ లాంటి విటమిన్ సీ వేరే రూపాలు ఉన్నాయి, వాటికి అంత ఆమ్ల గుణం ఉండదు, మంట తక్కువ, ఆధారాలు కూడా అంత గట్టిగా లేవనుకోండి. ఏది తెచ్చినా ముందు మోచేతి మడత దగ్గర కొద్దిగా రాసి రెండు మూడు రోజులు చూడండి, చిన్న చురుక్కుమనడం పర్లేదు, ఎర్రగా దద్దురు వచ్చిందంటే అది మీకు పడట్లేదు, అక్కడితో ఆపేయండి.