విశాఖ తీరంలో ఫొటోలు: ఏ నెలలో ఎటు తిరిగి నిలబడాలి

విశాఖ సముద్రం ఫొటోలు పది తీసి పక్కపక్కన పెడితే ఎనిమిది ఒకేలా ఉంటాయి. మధ్యలో సూర్యుడు, కింద నీళ్లు, ముందు ఖాళీ ఇసుక. తూర్పు తీరం కదా అని అందరూ సూర్యుడికి ఎదురుగానే నిలబడటం వల్ల వచ్చిన తంటా ఇది. అసలు మన తీరం సరిగ్గా తూర్పుకి తిరిగి లేదు. ఆర్కే బీచ్ నుంచి భీమిలికి గీత గీస్తే అది ఈశాన్యానికి పోతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. ఈ ఏటవాలు వల్లే ఒకే చోట నిలబడినా జూన్‌లో ఒక ఫొటో, డిసెంబరులో మరో ఫొటో దొరుకుతాయి.

జూన్‌లో సూర్యుడు తూర్పుకి సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా వస్తాడు. అప్పుడు తీరపు గీతకీ సూర్యుడికీ మధ్య కోణం 30 డిగ్రీలే. ఆర్కే బీచ్‌లో భీమిలి వైపు తిరిగి నిలబడితే కైలాసగిరి, ఒడ్డుకు వస్తున్న అలల వరసలు, సూర్యుడు అన్నీ 24 లేదా 28 మి.మీ. లెన్సులో సులువుగా ఇముడుతాయి (ఫుల్ ఫ్రేమ్, అంటే 35 మి.మీ. ఫిల్ము సైజు సెన్సరు లెక్క). డిసెంబరులో తూర్పుకి 25 డిగ్రీలు దక్షిణంగా, దాదాపు నడిసముద్రం మీదే వస్తాడు. కొండనీ సూర్యుణ్నీ ఒకే ఫ్రేములోకి తేవడం కష్టం. తేవక్కర్లేదు కూడా. కుడివైపు తిరిగితే డాల్ఫిన్స్ నోస్ కొండకి ఎడమ పక్క నుంచి వెలుగు పడుతూ ఉంటుంది, మడతలన్నీ తేలి కనిపిస్తాయి. పోలరైజర్ (మెరుపు తగ్గించి ఆకాశాన్ని ముదురు నీలం చేసే ఫిల్టర్) బాగా పనిచేసేది సూర్యుడికి 90 డిగ్రీల దిశలో, ఇక్కడ కుదిరేదీ దాదాపు అదే కోణం. అయితే 20 మి.మీ. కంటే వెడల్పు లెన్సుకి పోలరైజర్ వద్దు, ఆకాశంలో ఒక పక్క ముదురు మచ్చ పడుతుంది.

సూర్యోదయం జూన్ మొదట్లో 5:20 దరిదాపుల్లో, జనవరిలో 6:30 దరిదాపుల్లో. కనీసం 40 నిమిషాలు ముందు చేరాలి. ఆకాశంలో రంగు సూర్యుడు కనిపించే లోపలే వచ్చి పోతుంది. చలికాలంలో నీటి అంచు మీద మసక పట్టీ ఉంటుంది కాబట్టి సూర్యుడు చెప్పిన టైముకి కనబడడు, కనబడేసరికి మెత్తని వెలుగు అయిపోతుంది. గాలి శుభ్రంగా ఉండేది వాన వెలిసిన మర్నాడు.

దిక్కు తర్వాత చూడాల్సింది పోటు, పాటు. సగం మంది దీన్ని పట్టించుకోరు, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. విశాఖలో పున్నమి, అమావాస్యల దగ్గర నీటిమట్టం తేడా సుమారు 1.4 మీటర్లు, అష్టమి దగ్గర అందులో సగం కూడా ఉండదు. వినడానికి చిన్నదే, కానీ భీమిలి దారిలోని మంగమారిపేట శిలాతోరణం దగ్గర ముందు రాళ్లు ఉంటాయా మునుగుతాయా అన్నది ఆ మీటరే తేలుస్తుంది. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కాబట్టి, ఈ రోజు సూర్యోదయానికి ఉన్న స్థితి దాదాపు రెండు వారాలకి మళ్లీ వస్తుంది. నీళ్లు తగ్గుతున్నప్పుడు సూర్యుడు వచ్చే రోజే ఎంచుకోండి. తగ్గే నీరు అడుగుల గుర్తులన్నీ తుడిచి నున్నటి తడి ఇసుక వదులుతుంది, రాళ్లు తడిగా మెరుస్తాయి, మీ వెనక దారి తెరుచుకునే ఉంటుంది. పోటు ఎక్కుతున్నప్పుడు రాళ్ల మీదకి వెళ్తే ఫొటో మీద ధ్యాసలో ఉండగానే వెనక్కి వచ్చే దారి మునిగిపోతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు హెచ్చరికలు ఇస్తుంది. ఉప్పెన అలల హెచ్చరిక ఉన్న రోజు రాళ్ల జోలికి వెళ్లొద్దు, ఇసుక మీదే ఉండండి.

ఈ తీరపు రాయి ఖొండలైట్, తూర్పు కనుమల రాయే. గాలికీ ఉప్పుకీ తుప్పు రంగు తిరిగి, పొరలు పొరలుగా అరుగుతుంది. ఆ పొరలు ఏ దిక్కుకి వాలితే అటు నుంచి ఫ్రేము కడితే కంటికి దారి దొరుకుతుంది. అడుగు వేసేముందు రంగు చూడండి. పచ్చగా ఉంటే నాచు, జారుతుంది. బూడిద రంగులో గరుకుగా ఉంటే గుల్లలు, చెయ్యి ఆనిస్తే కోస్తాయి. కెమెరా తియ్యకముందు పది నిమిషాలు ఊరికే అలలని చూడండి. అలలు గుంపులుగా వస్తాయి, నాలుగు చిన్నవి చూసి ముందుకెళ్లినవాణ్ని ఐదోది తడుపుతుంది.

అల విరిగేటప్పటికంటే వెనక్కి మళ్లేటప్పుడు ఫొటో బాగుంటుంది. నీరు ఒడ్డున చివరిదాకా వచ్చి ఆగిన క్షణంలో షట్టర్ నొక్కితే, తిరిగి పోతున్న నురగ గీతలు గీతలుగా సముద్రం వైపు లాగినట్టు వస్తుంది. దీనికి పావు సెకను నుంచి ఒక సెకను చాలు. 30 సెకన్లు పెడితే నీరంతా పొగమంచైపోతుంది. అది రాళ్లు ఎక్కువగా ఉన్నచోట నప్పుతుంది, ఖాళీ ఇసుక దగ్గర నీరసంగా ఉంటుంది. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు 1/30 సెకను చూపిస్తుంటే, ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్‌తో (వెలుగు తగ్గించే నల్లద్దం, ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) 2 సెకన్లు, పది స్టాపులదైతే 34 సెకన్లు వస్తాయి. ఒక్కటే కొనాలంటే ఆరు స్టాపులదే కొనండి. ఫోకస్ చూసుకున్నాకే ఫిల్టర్ పెట్టాలి. 16 మి.మీ. లెన్సు ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) దగ్గర 0.8 మీటరు మీద ఫోకస్ చేస్తే 40 సెంటీమీటర్ల నుంచి దూరం దాకా సరిపోతుందని లెక్క, కానీ కొండ ఇంకాస్త స్పష్టంగా ఉండాలంటే మీటరున్నర మీద పెట్టడం మేలు. ఎఫ్/16 దాటితే మొత్తం మెత్తబడుతుంది.

తడి ఇసుకలో ట్రైపాడ్ పెడితే ప్రతి అలా కాళ్ల కింది ఇసుకని తవ్వుకుపోతుంది, ట్రైపాడ్ సెకనులో మిల్లీమీటరు దిగినా ఫొటో కదిలిపోతుంది. మూడు కాళ్లనీ బలంగా నొక్కి దించి, ఒక అల వెళ్లనిచ్చి, మళ్లీ నొక్కి, అప్పుడు తియ్యాలి. మధ్య కర్ర ఎత్తొద్దు. బరువు కోసం బ్యాగు వేలాడదీస్తే గాలికి ఊగి ట్రైపాడ్‌నే కదుపుతుంది.

మన ఇసుకతో ఇంకో చిక్కుంది. భీమిలి వైపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఎక్కువ. పెద్ద అలలు తెల్ల ఇసుకని తీసుకుపోయాక ఇవి నల్లగా, ముదురెరుపుగా పొరలై మిగులుతాయి. పైనుంచి కిందికి తిప్పి తీస్తే గొప్ప డిజైన్లు. కానీ ఈ నల్ల ఇసుకలో కొంత అయస్కాంతానికి అంటుకుంటుంది. మ్యాగ్నెటిక్ ఫిల్టర్లు ఇసుక మీద పెట్టారా, అంచు నిండా నలుసులు పట్టి లెన్సుకి గీతలు పెడతాయి. ఇక్కడ మరలు తిప్పే ఫిల్టర్లే నయం. లెన్సు మీద ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దొద్దు. ముందు బ్లోయర్‌తో ఊది, డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, ఆ తర్వాత పొడిగుడ్డ వాడాలి. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్లని మంచినీళ్లలో కడిగి, విప్పి, నీడలో ఆరబెట్టాలి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా తీరంలో తీయగానే లెన్సు మంచు పట్టేస్తుంది, తుడిస్తే మళ్లీ పడుతుంది. రాత్రే బ్యాగుని ఏసీ లేని గదిలో పెట్టుకుంటే ఆ బాధే ఉండదు.

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల పద్ధతి వేరు. ఇసుక రేణువులకి పట్టిన ఇనుప ఆక్సైడు వల్ల ఆ ఎరుపు, ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తానే రంగులు సరిచేయడం) దాన్ని ఇటుక రంగుగా మార్చేస్తుంది. 5200 కెల్విన్ దగ్గర నిలిపి, రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) తీయండి. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎక్కడ ఎంతుందో చూపే గ్రాఫు) బాగానే ఉన్నా ఎరుపు ఒక్కటే మితిమీరి వివరాలు పోతాయి, కాబట్టి మూడు రంగుల హిస్టోగ్రామ్ చూసి ఎక్స్‌పోజరు ఒక స్టాపు లోపు తగ్గించాలి. గోడలు ఎక్కొద్దు, అంచుల మీద నిలబడొద్దు. వానకి కోసుకుపోయే మెత్తని మట్టి అది, ఒక్క అడుగుకి విరిగిన అంచు మళ్లీ అతకదు. యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి 2025లో చేరిన చోటు.

సాయంత్రం ఈ తీరంలో ఫొటోలు ఉండవన్న మాట నిజం కాదు. సూర్యుడు కొండల వెనక్కి దిగాక వెనుతిరక్కుండా సముద్రం వైపే చూడండి. పదిహేను నిమిషాల్లో నీటి అంచు మీద నీలంగా భూమి నీడ, దాని పైన గులాబీ పట్టీ లేస్తాయి. పున్నమికి ముందురోజు ఇంకా మేలు. చంద్రుడు సూర్యాస్తమయానికి ముందే సముద్రం మీదకి వస్తాడు, ఒడ్డున వెలుగు ఉండగానే రెండూ ఒకే ఎక్స్‌పోజరులో సరిపోతాయి. పున్నమినాడు చంద్రుడు పైకొచ్చేసరికి ఒడ్డు చీకటిపడుతుంది. పున్నమి చంద్రుడి దిక్కు సూర్యుడికి తిరగబడి ఉంటుంది, కైలాసగిరి పక్కన చంద్రుడు కావాలంటే డిసెంబరు, నడిసముద్రం మీద కావాలంటే జూన్. 200 మి.మీ. లెన్సుతో అర సెకను దాటనివ్వకండి, చంద్రుడు సాగిపోతాడు. డ్రోన్ మాత్రం అనుమతి లేకుండా ఎగరేయొద్దు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు, ఫొటోలు నిషేధమని బోర్డు ఉన్న చోట కెమెరా కూడా బ్యాగులోనే ఉండాలి.