నిషేధ ఉత్తర్వులో కారణం ఎక్కడుంటుంది?

విశాఖలో పేపరు చదివేవాళ్లకు 'శాంతిభద్రతల దృష్ట్యా' అన్న మాట కొత్తేం కాదు. సభ వద్దన్నా అదే, ఊరేగింపు ఆపినా అదే. ఆ మాట రాజ్యాంగంలోకి ఎక్కిన కథలో మన జిల్లాకూ చోటుంది.

1950 మార్చి 1న మద్రాసు ప్రభుత్వం బొంబాయి ఇంగ్లీషు వారపత్రిక 'క్రాస్ రోడ్స్'ను రాష్ట్రంలోకి రానివ్వొద్దని ఉత్తర్వు ఇచ్చింది. విశాఖ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే, కాబట్టి నిషేధం ఇక్కడా అమలే. ప్రజాభద్రత, శాంతిభద్రతల కోసం ఇది అవసరమని గవర్నరు తృప్తి చెందారట! ఏ సంచిక, ఏ వ్యాసం అన్న ఊసే లేదు. 1949 నాటి మద్రాసు చట్టంలోని మాటల్నే మక్కీకి మక్కీ దించేశారు. మే 26న సుప్రీంకోర్టు కొట్టేసింది: భావప్రకటన స్వేచ్ఛకు హద్దులు గీసే రాజ్యాంగం 19(2) అధికరణం అప్పట్లో ఇలాంటి నిషేధాలకు రాజ్యభద్రతకు ముప్పుంటేనే ఒప్పుకునేది, శాంతిభద్రతలు దానికంటే చాలా విశాలం. 1951 జూన్‌లో మొదటి సవరణతో ఆ మాటను 19(2)లోనే చేర్చేశారు. ఆంక్షలు 'సహేతుకమైన'వై ఉండాలన్న షరతూ అప్పుడే వచ్చింది, అదొక్కటే ఊరట.

ఇలాంటి ముసుగు మాటలు ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. 1878లో దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం పేరులో ఉన్నది 'మెరుగైన నియంత్రణ'. 1975లో ఎమర్జెన్సీకి సాకు 'అంతర్గత కల్లోలం'. 2015లో సుప్రీంకోర్టు కొట్టేసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌లో 'చికాకు', 'అసౌకర్యం' కూడా నేరమే.

ఇప్పుడు పుస్తకాన్ని జప్తు చేయాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 98వ సెక్షన్ (పాత నేర విచారణ స్మృతి, అంటే సీఆర్‌పీసీ 95) వాడతారు. గెజిట్ ప్రకటనలో 'అభిప్రాయపడుతున్నాం' అన్న వాక్యంతో ఆగిపోకండి, దాని కింద ఆధారాలు వెతకండి. చట్టంలోని పదాలే తిరిగి రాస్తే ఆధారాలు కావు. ఆధారాలు చెప్పలేదనే 1961లో హర్నామ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు జప్తు ఉత్తర్వును రద్దు చేసింది. సవాలు చేయడానికి గెజిట్ తేదీ నుంచి రెండు నెలలే గడువు. విశాఖవాళ్లయినా అమరావతి హైకోర్టుకే వెళ్లాలి, విచారించేది ముగ్గురు జడ్జిల ప్రత్యేక ధర్మాసనం.

వెబ్‌సైట్ల దగ్గరే అసలు చిక్కు. వాటిని ఆపే ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద కారణాలు రాతలో ఉండి తీరాలి. కానీ ఆ సెక్షన్ అమలుకు పెట్టిన 2009 నిబంధనల్లో 16వది ఆ వ్యవహారమంతా గోప్యమంటుంది. ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులను మాత్రం ప్రచురించాల్సిందేనని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఆ ప్రతి అడిగి తీసుకోవచ్చు.