సామ్ ఎవరు, శ్రీనివాసరావు ఎవరు?

నిన్న రాత్రి మ్యాచ్ ముగించుకుని ఇంటికి చేరేసరికి పదిన్నరయింది. మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని ఇది రాస్తున్నాను. రేపటికైతే ‘పోనీలే’ అనిపిస్తుంది. అలా అనిపించకముందే రాసేయాలి.

మేముండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్ దగ్గర. వెళ్ళేది ఒక లూథరన్ చర్చికి. ఏప్రిల్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర చర్చి సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్‌కి తమ్ముడిలాంటి ఆట) జట్టు కెప్టెన్ నా పక్కకొచ్చి, “నువ్వు క్రికెట్ ఆడేవాడివట కదా, మాకిద్దరు తక్కువయ్యారు, వస్తావా?” అన్నాడు. సరేనన్నాను. చేరడం అంతే. కాస్త ఫీజు, దెబ్బ తగిలితే చర్చి మీద కేసు వేయనని ఒక సంతకం, టీషర్టు సైజు. ఐదు నిమిషాల పని.

గ్లవ్ మాత్రం పాతది కొనండి. కొత్తది అట్టముక్కలా ఉంటుంది, ఎంత నొక్కినా మడత పడదు. బ్యాటు విషయంలో నాలాగా తెలివి చూపించకండి. ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే ఐదు డాలర్లకి ఒకటి కొన్నాను. అది బేస్‌బాల్ బ్యాటట. సాఫ్ట్‌బాల్ బ్యాటు దానికన్నా సన్నం, రెండుంపావు అంగుళాలు దాటకూడదు, పైగా దాని మీద ఆమోదముద్ర ఉండాలి. అంపైర్ వేలితో చూపించి పక్కన పెట్టేశాడు. ఇప్పుడది మా షెడ్డు తలుపుకి అడ్డగడియ.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మేం ఆడేది స్లో పిచ్, అంటే బంతి నెమ్మదిగా వేసే రకం. పదిమంది జట్టు. బంతి చుట్టుకొలత పన్నెండు అంగుళాలు, పసుపు రంగు. బౌలరు యాభై అడుగుల దూరం నుంచి చెయ్యి కిందనుంచి వేయాలి, అదీ గాల్లోకి లేపి: నేలనుంచి కనీసం ఆరడుగులు లేవాలి, పది దాటకూడదు. వినడానికి ఇదేం ఆట అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఏసీ కాలేజీ గ్రౌండ్‌లో మ్యాటింగ్ వికెట్ మీద, హెల్మెట్ లేకుండా ఓపెనింగ్ చేసినవాణ్ణి నేను. గుంటూరులో ఆ రోజుల్లో ఆడినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నా పుల్ షాట్ గుర్తుండే ఉంటుంది. అలాంటివాడు మొదటి ప్రాక్టీసులో తాతల వయసు మనిషి వేసిన బంతిని నాలుగుసార్లు వరసగా తాకించలేకపోయాడు. పైనుంచి తీరిగ్గా దిగే బంతి కోసం నిలబడటం పల్లెవెలుగు బస్సు కోసం నిలబడటం లాంటిది. కంగారుపడి ముందే రోడ్డు మీదకి వెళ్ళామా, పరువు పోతుంది.

ఇంకో సంగతి. వికెట్ల బదులు ఇక్కడ నాలుగు మూలల్లో బేస్‌లుంటాయి, బంతి కొట్టి వాటిని వరసగా చుట్టి రావాలి. బేస్‌కి బేస్‌కి మధ్య మా గ్రౌండ్‌లో 65 అడుగులు. క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. ఒక్క అడుగే తేడా కాబట్టి పరుగు నాకు కొట్టిన పిండి అనుకున్నాను. దాని ఫలితం చెప్తాను.

మే మొదటివారంలో తొలి మ్యాచ్. ఎదుటి జట్టు పేరు చెప్పను. వాళ్ళ కోచ్ ఎర్ర టోపీ పెట్టుకుంటాడు, అదే పేరుగా వాడుకుంటాను. రెండో ఇన్నింగ్స్‌లో నా వంతు వచ్చింది. మొదటి బంతి వదిలేశాను. రెండో బంతికి ఏ పూర్వజన్మ పుణ్యమో మోకాలు వంచి మిడ్‌వికెట్ మీదుగా లాగిపెట్టి కొట్టాను. లెఫ్ట్ ఫీల్డర్ తల మీంచి పోయి కంచె దగ్గర పడింది. మావాళ్ళంతా లేచి అరుస్తున్నారు. నేను ప్రాణం పెట్టి పరిగెత్తి, ఫస్ట్ బేస్ దగ్గరకి రాగానే ఒంగి బ్యాటు చాచి బేస్‌కి తాకించి నిలబడ్డాను.

బ్యాటు తాకించాను. కాలు పెట్టలేదు. ఇక్కడ బ్యాటు కొట్టినచోటే వదిలేసి పరిగెత్తాలి. బేస్ దగ్గర నిలబడ్డ మా మనిషి “కాలు! కాలు!” అని గొంతు చించుకుంటే నా కాలికేదో అయిందనుకుని కిందకి చూసుకున్నాను. చివరికి కాలు పెట్టాను. మూడు బేస్‌లు దాటాల్సిన దెబ్బకి ఒక్క బేస్ దక్కింది. గ్రౌండ్‌లో ఉన్నవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఎర్ర టోపీ ఒక్కడే నవ్వలేదు.

ఈ లీగ్‌లో ఒక నియమం ఉంది. ప్రతి ఆటగాడూ ఆ చర్చికి నెలకి కనీసం రెండు ఆదివారాలు వెళ్తుండాలి. గెలుపు కోసం బయటనుంచి గట్టివాళ్ళని తెచ్చి ఆడించకుండా పెట్టారట. అనుమానం వస్తే ఎదుటి కోచ్ ఎవరి గుర్తింపుకార్డైనా అడగొచ్చు. ఆ దెబ్బ చూసి ఎర్ర టోపీకి నేను కిరాయి ఆటగాణ్ణని అనుమానం. బ్యాటుతో బేస్‌ని ముట్టుకునేవాణ్ణి ఎవడు కిరాయికి తెస్తాడయ్యా! కానీ అడిగాడు. అంపైర్ కళ్ళజోడు పెట్టుకుని నా డ్రైవింగ్ లైసెన్స్ లైటు వైపు తిప్పి చదివాడు. జట్టు లిస్టులో ఉన్నది సామ్. లైసెన్స్ మీద ముందు ఇంటిపేరు, తరవాత శ్రీనివాసరావు. ఇంటిపేరు కూడా ఒకటి కాదు. లిస్టులో చర్చి ఆఫీసామె దాన్ని సగానికి కోసి రాసింది.

“సామ్ ఎవరు?” అన్నాడు అంపైర్.

“నేనే.”

“మరి ఈయనెవరు?”

“అదీ నేనే.”

ఈ మాటలు అంటున్నప్పుడు ఇరవైమంది మగవాళ్ళు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, మడత కుర్చీల్లో కూర్చున్న ముసలివాళ్ళు నన్నే చూస్తున్నారు. మా అబ్బాయి కంచెకి ముఖం ఆనించి చూస్తున్నాడు. “వాళ్ళ దేశంలో అలాగే ఉంటాయేమో పేర్లు” అని మా కెప్టెన్ ఏదో సర్దబోయాడు. “ఏ చర్చికి వెళ్తావు నువ్వు, నిజంగా?” అన్నాడు ఎర్ర టోపీ, చాలా మర్యాదగా. ఆ మర్యాదే నన్ను ఎక్కువ కాల్చింది. లిస్టులో లేని మనిషిని ఆడించినట్టు లెక్కకట్టి అంపైర్ మ్యాచ్ వాళ్ళకిచ్చేశాడు. స్కోరు 7-0 అని రాసుకున్నారు. ఆఫీసుల్లో పనులు మానుకుని వచ్చిన తొమ్మిదిమంది నా పేరు వల్ల గంటలో ఇళ్ళకి బయల్దేరారు.

అప్పుడే వెళ్ళలేదు కూడా. మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి ప్రార్థన చేయడం ఇక్కడి పద్ధతి. నా ఎడమచెయ్యి ఎవరి చేతిలో పడిందో చెప్పక్కర్లేదు. ప్రార్థన చేసింది కూడా ఆయనే. నిజాయితీగా ఆడే మనసు మా అందరికీ ఇమ్మని అడిగాడు. నేను ఆమెన్ అన్నాను. అనకుండా ఎలా ఉంటాం?

రెండు పేర్ల కథ కొత్తదేం కాదు. మా ఊళ్ళో మాలాంటివాళ్ళలో చాలామందికి బడి పేరు ఒకటి, గుడి పేరు ఒకటి. మేం చర్చిని గుడి అనే అంటాం. బాప్తిస్మంలో నాకు పెట్టిన పేరు జాన్ సామ్యేల్. బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టారు రిజిస్టరులో రాసిన పేరు శ్రీనివాసరావు. ఆయనెందుకలా రాశారో, మా తాత పక్కనే ఉండి ఎందుకు ఊరుకున్నాడో తెలుగువాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు. పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు, వీసా, లైసెన్స్ అన్నీ ఆ రిజిస్టరు వెంటే నడిచాయి. గుడిలో మాత్రం సామ్యేలునే. ఇన్నేళ్ళలో ఈ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

రెండు రోజులకి లీగ్ కమిటీ నుంచి మెయిల్. గుర్తింపు కాగితం నకలు, పాస్టరు ఉత్తరం, మూడు నెలల హాజరుకి ఆధారం కావాలి. అవి వచ్చేదాకా గ్రౌండ్‌లోకి దిగకూడదు. హాజరేముందిలే, ప్రతి ఆదివారం వెళ్తున్నాం కదా అని ఆఫీసుకి వెళ్ళాను. అక్కడామె కంప్యూటర్లో వెతికి, “మీ ఆవిడ ఉన్నారు, పిల్లలున్నారు. మీరు లేరు” అంది.

ఎలా లేను? బెంచీల మీద ఒక పుస్తకం ఉంటుంది, వచ్చినవాళ్ళు పేరు రాయాలి. అది కొత్తగా వచ్చినవాళ్ళకేమో అనుకుని ఆరేళ్ళుగా నేను ముట్టుకోలేదు. మా ఆవిడ తన పేరూ పిల్లల పేర్లూ రాసి పక్కకి ఇచ్చేసేది. కానుక కూడా అంతే. తను నంబరు కవరులో చెక్కు వేస్తుంది, నేను జేబులో ఉన్న నోటు పళ్ళెంలో వేస్తాను. నోటు మీద పేరుండదు కదా. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని వాక్యంలోనే ఉంది అన్నాను. “అది నిజమే కానీ కమిటీకి తెలియాలి” అంది ఆమె. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ నవ్వాపుకోలేక, “ఏమండీ, ఇంతకీ మీరు గుడికి వస్తున్నారా?” అంది. రికార్డు ప్రకారం ఆమె భర్త లేని మనిషి.

ఒక్కచోట దొరికాను. ఈస్టరు ముందు శ్రమదినాల్లో బుధవారాలు ఇక్కడ సూపు భోజనాలు పెడతారు. ఎవరేం తెస్తారో గోడ మీద కాగితం అంటిస్తారు. దాని మీద మూడు వారాలు ‘సామ్, కందిపప్పు సూపు’ అని నా చేతిరాత. సూపు అంటే పప్పుచారే. ఆ కాగితాలు ఇంకా డ్రాయర్లో ఉన్నాయి. ఎగిరి గంతేసి కమిటీకి ఫొటో తీసి పంపాను. బుధవారాలు లెక్కలోకి రావు, ఆదివారాలే అని జవాబు. ఆ రాసిన పెద్దమనిషికి ఒక్కసారైనా వేడి వేడి పప్పుచారు పోసి ఉంటే అలా రాసేవాడు కాదు.

ఇక మిగిలింది పాస్టరు ఉత్తరం. మా పాస్టరు ఆవిడ. (మా వైపు పాస్టరమ్మ అంటే పాస్టరు గారి భార్య, అమ్మగారు. ఈవిడే పాస్టరు. మా అమ్మకి ఫోన్లో అర్థమయ్యేలా చెప్పడానికి రెండేళ్ళు పట్టింది.) రెండు పేర్లెందుకని ఆవిడ అడిగితే మొదట మాట మార్చాను. తరవాత కూర్చుని అంతా చెప్పాను: ఊరు, బడి, రిజిస్టరు, సర్టిఫికెట్ లేకపోతే పోయే సీట్లు. అరగంట పట్టింది. నా జీవితంలో తెలుగు రానివాళ్ళకి అది చెప్పడం అదే మొదటిసారి. కాస్త ఆవేశం కూడా వచ్చింది. అసలు 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హేయర్‌ని పంపింది ఎవరండీ, ఈ పెన్సిల్వేనియా లూథరన్లు కాదా? నేను పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో గుంటూరు వచ్చి ఆ ఆసుపత్రి కట్టించిన కుగ్లర్ డాక్టరమ్మ పుట్టింది ఇదే రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్‌లో. మా తాతని లూథరన్‌ని చేసి, మనవడు ఇక్కడికొస్తే ఏ చర్చివాడివని అడుగుతారా? ఇవన్నీ గ్రౌండ్‌లో అనాల్సిన మాటలు. ఎప్పటిలాగే నాకు పదిరోజుల తరవాత తట్టాయి.

ఆవిడ ఉత్తరం మూడు వాక్యాలే రాశారు. ఈ ఇద్దరూ ఒకరే, ప్రతి ఆదివారం ఎడమవైపు నాలుగో బెంచీలో కూర్చుంటాడు, ప్రసంగం మధ్యలో ఒకసారి కునుకు తీస్తాడు. ఆ చివరిది అవసరమా అన్నాను. పైనుంచి చూసేదాన్ని కాబట్టే తెలుసు, అంతకన్నా ఆధారం ఏముంటుంది అన్నారు. కమిటీ ఒప్పుకుంది.

ఈ లోగా రెండు మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చుని స్కోరు పుస్తకం రాశాను. రూల్స్ వచ్చింది అప్పుడే. రెండు స్ట్రైకులయ్యాక (తాకించలేకపోయిన బంతో, వదిలేసిన మంచి బంతో స్ట్రైకు) బంతిని ఫౌల్, అంటే గీతల బయటికి, కొడితే అవుటని, వెనక్కి లేట్ కట్ ఆడితే అది షాటు కాదు ఫౌలని, ఫీల్డరు క్యాచ్ పడితే రన్నరు వెనక్కొచ్చి బేస్ ముట్టుకున్నాకే కదలాలని. కొత్తగా చేరేవాళ్ళు ముందు ఒక మ్యాచ్ స్కోరు రాయండి. దానికన్నా ముందు జట్టు లిస్టులో మీ పేరు లైసెన్స్ మీద ఉన్నట్టు, అక్షరం పొల్లు పోకుండా మీ చేత్తోనే రాయండి. చర్చి ఆఫీసువాళ్ళ చేతికి వదలొద్దు, ఎంత మంచివాళ్ళయినా సరే. బెంచీ మీద పుస్తకంలో సంతకం పెట్టండి. నేనిప్పుడు రెండు పేర్లూ పెద్దక్షరాలతో రాస్తున్నాను, రెండు లైన్లు పడుతోంది, పక్కవాళ్ళకి చోటు చాలడం లేదు. చాలకపోతే మానె.

నిన్న మళ్ళీ ఎర్ర టోపీ జట్టుతోనే మ్యాచ్. ఆయన అడక్కముందే లైసెన్స్, ప్లాస్టిక్ వేయించిన పాస్టరు ఉత్తరం తీసి చేతిలో పెట్టాను. పూర్తిగా చదివాడు. కునుకు దగ్గర పెదవి కాస్త కదిలింది. “శ్రీ... ని...” అని రెండుసార్లు ప్రయత్నించి తిరిగిచ్చేశాడు. సారీ అనలేదు.

నేను బ్యాటింగ్‌కి రాగానే మాత్రం తన లెఫ్ట్ ఫీల్డర్లని “వెనక్కి, ఇంకా వెనక్కి” అని కంచెదాకా పంపాడు. మా కెప్టెన్ నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. నేను మొదటి బంతికే ఊగిపోయి కొడితే అది నేలబారుగా షార్ట్‌స్టాప్ అనే దగ్గరి ఫీల్డరు చేతిలోకి వెళ్ళింది. ఫస్ట్ బేస్‌కి రెండడుగుల దూరంలో అవుటయ్యాను, మోకాలు అప్పుడే పట్టేసింది. బ్యాటు మాత్రం కొట్టినచోటే పడేసి పరిగెత్తాను.