ఇది నా రంగు కాదమ్మా

"ఇది నా రంగు కాదమ్మా. ఎవరిదిది?"

షాపులో లైట్ల కింద ఏ రంగూ సరిగ్గా తెలియడం లేదని కారులోకి వచ్చి కూర్చున్నాం. మా అమ్మాయి అద్దంలో దవడ చూసుకుంటూ ఆ మాట అంది. దవడ మీద ఫౌండేషన్, అంటే చర్మం రంగులో మొహానికి వేసుకునే మేకప్ పూత, రెండు గీతలుగా ఉంది. కిందది తను ఎంచుకుంది, పైది నేను ఎంచాను. తను ఎంచుకున్న గీత చర్మంలో కలిసిపోయి, వెతికితే తప్ప కనబడటం లేదు. నాది మాత్రం సుద్దముక్కతో గీసినట్టు తెల్లగా తేలిపోతోంది.

నేను వెంటనే సమర్థించుకున్నాను. "ఇప్పుడు ఎండల్లో తిరిగావు కదా, చలికాలానికి రంగు వస్తావు. అప్పటికి ఇదే సరిపోతుంది."

"రంగు వస్తానా? అంటే ఇప్పుడు నాకు రంగు లేదా?"

దానికి పదిహేనేళ్ళు. ఆదివారం తెలుగు బడికి ఏడేళ్ళు పంపించాను. ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడితే బదులిచ్చేదాన్ని కాదు. అందుకే నేనన్నది దానికి అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. మనం చామనఛాయ పిల్లను 'రంగు తక్కువ' అంటాం. తెల్లగా ఉంటే 'మంచి రంగు' అంటాం. ఇన్నేళ్ళుగా అంటున్నాను, వింటున్నాను. రంగంటే తెలుపు ఒక్కటేనా అని నాకెప్పుడూ తట్టలేదు. తెలుగు నేర్పుతున్నానని నలుగురిలో గర్వంగా చెప్పుకున్నదాన్ని, ఆ తెలుగుతో పాటు ఈ మాటలు కూడా దాని చేతిలో పెట్టాను.

ఫౌండేషన్ కావాలని మొదట అడిగింది తనే. నిరుడు మొటిమలు విపరీతంగా వచ్చాయి. మొటిమలు తగ్గాయి గానీ మచ్చలు ఉండిపోయాయి. మనలాంటి గోధుమ, చామనఛాయ చర్మం మీద ఆ నల్లమచ్చలు నెలల తరబడి పోవు. వీడియో కాల్‌లో కెమెరా ఆపేసి మాట్లాడటం మొదలుపెట్టింది. పల్చటి క్రీములు ఆ మచ్చల్ని దాచవు, ఫుల్ కవరేజ్ లిక్విడ్ ఒక్కసారి వేసి చూస్తానంది. నేను రెండు నెలలు ఒప్పుకోలేదు. "నీ వయసులో మొహానికి పూతలెందుకు, ఉన్నది ఉన్నట్టే బాగున్నావు" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా మొహం మీద ఉన్నది కూడా అదే. మా చిన్నాడు పుట్టాక నా రెండు చెంపల మీదా మంగు వచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఆ పూత లేకుండా నేను ఆఫీసుకి వెళ్ళలేదు. పిల్లల బడి మీటింగులకీ వెళ్ళలేదు. అది చూస్తూ పెరిగిన పిల్లకి నేను చెప్పే నీతి ఎలా వినిపించి ఉంటుందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నదేదో ఉంది కాబట్టి, పిల్లలు అడుగుతున్న తల్లులకు అది చెప్తాను. చేతి మీద రాసి షేడ్ చూడొద్దు. చేతి రంగు వేరు, మొహం రంగు వేరు. దవడ నుంచి మెడ మీదికి గీత గీసి, పగటి వెలుతురులో చూడాలి. వెంటనే నిర్ణయించుకోకుండా ఓ అరగంట ఆగాలి. చర్మంలోని నూనె, గాలి తగిలి చాలా ఫౌండేషన్లు కాసేపటికి కొంచెం ముదురు అవుతాయి. మనలో ఎక్కువమందికి చర్మం కింద పసుపు ఛాయ ఉంటుంది. గులాబీ ఛాయ ఉన్న షేడ్ వేస్తే, ముదురుగా ఉన్నా సరే, బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఫుల్ కవరేజ్‌లో రంగుపొడి ఎక్కువ, అందుకని మొహమంతా మందంగా పట్టించనక్కర్లేదు. తడి స్పాంజితో పల్చగా అద్ది, మచ్చ ఉన్నచోట మాత్రం ఇంకో చుక్క అద్దితే చాలు. మొటిమలున్న పిల్లలైతే చర్మ రంధ్రాలు మూసుకుపోకుండా చేసినవే కొనాలి. రాత్రి పూర్తిగా కడుక్కోకుండా పడుకోకూడదు.

నా మంగు చూసిన డాక్టరుగారు ఇంకో సంగతి చెప్పారు. మంగు ముదరడానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాదు, మామూలు వెలుతురు కూడా కారణమేనట. అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ వాడమన్నారు. ఆ పేరు పట్టుకుని మా ఇద్దరి సీసాల మీద చూస్తే రెండింటిలోనూ ఉంది. పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు, తెల్లటి టైటానియం డయాక్సైడ్. షెల్ఫులో లేత ఐవరీ నుంచి ముదురు మోకా దాకా ఉన్న షేడ్లలో దాదాపు అన్నీ ఈ నాలుగు పొడులే, పాళ్ళు మార్చి కలిపినవి. అది చదివి చాలాసేపు సీసా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

2006లో గుంటూరులో నా పెళ్ళికి ఇన్ని షేడ్లు లేవు. మేకప్ చేసినావిడ దగ్గర ఉన్నవి రెండో మూడో. పెళ్ళి ఆల్బంలో తలంబ్రాలు పోస్తున్న నా చేతులు ఒక రంగు, మొహం ఇంకో రంగు. ఫ్లాష్ పడ్డ ఫోటోల్లో మొహం మరీ తెల్లగా మెరుస్తుంది. మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు ఆ ఆల్బం చూసి "ఇది నువ్వేనా, ఇవి ఎవరి చేతులు?" అని అడిగింది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. 2017లో గాయని రిహానా మేకప్ కంపెనీ ఫెంటీ బ్యూటీ ఒకేసారి నలభై ఫౌండేషన్ షేడ్లతో వచ్చింది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ ముదురు షేడ్లు పెంచుకుంటూ వచ్చాయి. 1975 నుంచి మన ఇళ్ళల్లో ఉన్న ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. ఇప్పుడు నా కూతురి రంగు షెల్ఫులో దానికి చేతికందే ఎత్తులో ఉంది. నా చెయ్యి మాత్రం దాని పక్కనున్న లేత రంగు మీదికే పోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక పాతవన్నీ తవ్వుకున్నాను. తొమ్మిదేళ్ళప్పుడు అది వేసవి స్విమ్ టీమ్‌లో చేరతానంది. చెవుల్లో నీళ్ళు పోతే ఇన్‌ఫెక్షన్ వస్తుందని వద్దన్నాను. అసలు కారణం చెవులు కాదు. టెక్సస్ ఎండలో రోజూ రెండు గంటలు, ఆ వేసవి చివర గుంటూరు ప్రయాణం. దిగగానే మా అమ్మ "పిల్ల నల్లబడిందేమే" అంటుందన్న టెన్షన్. మొన్నేడాది వాళ్ళ తమ్ముడిని అదే టీమ్‌లో చేర్చాను. వాడి చెవుల గురించి నాకు ఒక్కసారి కూడా ఆలోచన రాలేదు. అది గమనించిందో లేదో తెలియదు. అడిగే ధైర్యం లేదు.

మా అమ్మను తప్పుపట్టలేను. సున్నిపిండితో నలుగు పెట్టి పెంచిన చేతులవి. నేను కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పంపిందీ ఆవిడే, రోజూ పాలల్లో కలుపుకుని తాగింది నేను. నా బిడ్డ ఇంకా పుట్టకముందే నేను దానికి తెల్లటి రంగు కోరుకున్నానన్నది నిజం.

ఇప్పుడు దాన్ని మచ్చలు దాచుకోనివ్వాలా, వద్దా? దాచుకుంటే ధైర్యంగా కెమెరా ముందు కూర్చుంటోంది, అది కళ్ళారా చూస్తున్నాను. రేపు ఆ పూత లేకుండా గడప దాటలేకపోతే? నాలాగే ఎనిమిదేళ్ళు గడిస్తే? ఒక రోజు ఒకలా, మర్నాడు ఇంకోలా అనిపిస్తోంది.

మొన్న శనివారం మా అమ్మాయే నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి నా మెడతో షేడ్ సరిచూసింది. నేను ఇన్నాళ్ళూ వాడుతున్నది నాకంటే రెండు నంబర్లు లేత అని తేల్చింది. సరైన షేడ్ తెప్పించి స్పాంజితో నెమ్మదిగా అద్దింది. చెంప, మెడ, చెవి కింద, అంతా ఒకటే రంగు. మంగు కొంచెం కనిపిస్తోంది. "ఇంకో పూత వెయ్యవే తల్లీ" అన్నాను. వేసింది, ఏమీ అనలేదు.

ఆరోజు కారు దిగి మళ్ళీ షాపులోకి వెళ్ళినప్పుడు, దాని షేడ్‌తో పాటు నేను ఎంచిన లేత సీసా కూడా బుట్టలో వేశాను. డిసెంబరులో గుంటూరులో మా మేనకోడలి పెళ్ళికి పనికొస్తుందనుకున్నాను. ఆ సంగతి దానికి చెప్పలేదు. సీసా నా బీరువాలోనే ఉంది. వాపసు ఇచ్చే గడువు పోయిన వారం దాటిపోయింది.