పునాది కింద మట్టి లేదు: గృహ బీమాతో నా అనుభవం

2022 జూలై గోదావరి వరదకు మా ఇంట్లోకి నీళ్లు రాలేదు. పి.గన్నవరం మండలంలోని మా లంకలో గడప దాకా వచ్చి, నాలుగు రోజులు నిలిచి, వెనక్కి తీశాయి. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. 1986 వరదను కళ్లారా చూసిన మా మామగారు, గడప తడవలేదు కాబట్టి గండం గడిచిందన్నారు. నీరు తీసిన మూడో రోజు పొద్దున వీధి గది తలుపు మూసుకోలేదు. తలెత్తి చూస్తే ద్వారబంధం మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా బీట.

మేస్త్రి వచ్చి గోడ పక్కన మట్టి కాస్త తవ్వి, గోడను మోసే కాంక్రీటు దూలం, అదే ప్లింత్ బీమ్, కిందకు ఇనుప చువ్వ పెట్టాడు. అది దేనికీ తగలకుండా వెళ్లిపోయింది. తర్వాత చెయ్యే పెట్టాడు, మోచేతి వరకు దూరింది. "కింద మట్టి లేదమ్మా, నీరు తీసేటప్పుడు లాక్కుపోయింది" అన్నాడు. ఇరవై మూడేళ్లుగా కాపురం ఉంటున్న ఇంటి మూల అలా గాలిలో నిలిచి ఉందంటే నాకు కాళ్లు వణికాయి. ఆ రాత్రే పిల్లలను వెనక గదిలోకి మార్చాం.

ఇంటి మీద అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకువారు కట్టించిన భారత్ గృహ రక్ష పాలసీ బీరువాలో ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సంస్థలూ ఒకే నిబంధనలతో ఇవ్వడం మొదలుపెట్టిన పాలసీ ఇది. డాలస్‌లో ఉండే మా ఆడపడుచు ఫోను చేసి, "ఆశ పెట్టుకోకు వదినా, ఇక్కడ మామూలు ఇంటి బీమాలో వరద ఉండదు, దానికి వేరే పాలసీ కట్టాలి" అంది. మన పాలసీలో అలా కాదు. తుపాను, వరద, భూకంపం, నేల కుంగుబాటు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ధైర్యంతోనే అదే రోజు బీమా సంస్థకు ఫోను చేసి చెప్పి, మెయిల్ కూడా పంపాను. నష్టం అంచనా వేసే సర్వేయరు చూసే దాకా మరమ్మతు ముట్టుకోవద్దన్నారు. స్లాబు కింద సరుగుడు వాసాలు మాత్రం దన్నుగా పెట్టించి, ఆ రసీదు దాచాను.

తొమ్మిదో రోజు వచ్చిన సర్వేయరు పావుగంటలో చూసి వెళ్లారు. సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది: పూడ్చిన నేల సర్దుకోవడం వల్ల జరిగిన నష్టం కాబట్టి చెల్లించలేమని. చదివి కోపంతో ఏడ్చాను. కోనసీమలో మెరక వేయకుండా ఇల్లు కట్టినవారు ఎవరున్నారు? చేనో, కొబ్బరి తోటో, దొరికిన చోట నాలుగడుగులు మట్టి తోలించుకోవాల్సిందే. ఆ కారణం చెల్లితే ఇక్కడ ఎవరికీ రూపాయి రాదు.

రెండు రాత్రులు కూర్చుని పాలసీ మొత్తం చదివాను. పూడ్చిన నేల, నది కోత, నాసిరకం కట్టుబడి, కొత్త కట్టడం సర్దుకోవడం అనే మినహాయింపులన్నీ నేల కుంగుబాటు అనే అంశం కిందే ఉన్నాయి. వరద అంశం కింద అవి లేవు. మా ఇంటిని దెబ్బతీసింది వరద. బీమావాళ్లు బీటకు డబ్బు ఇవ్వరు, బీటకు కారణమైన దానికి ఇస్తారు. ఆ కారణాన్ని రుజువు చేసే పని నామీద పడింది.

అమలాపురం నుంచి ఒక సివిల్ ఇంజనీరును పిలిపించాం. ఆయన పునాది పక్కన గొయ్యి తీయించి, పాత మట్టి ఎక్కడ ఆగిందో, కొత్త ఒండ్రు ఎక్కడ చేరిందో టేపు పెట్టి ఫోటోలు తీశారు. బీటకు అడ్డంగా సన్నని గాజు పలకలు సిమెంటుతో అతికించి, తేదీ రాశారు. నేల మెల్లగా సర్దుకుంటూ ఉంటే గాజు పగలాలి. ఆరు వారాలైనా ఒక్కటీ పగల్లేదు, అంటే ఒక్కసారిగా జరిగిన దెబ్బ. నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయో రెవెన్యూ వారి నుంచి ధ్రువపత్రం తెచ్చాం. మే నెలలో మా అమ్మాయి ఓణీల వేడుక ఫోటోల్లో అదే ద్వారబంధం వెనక గోడ నున్నగా కనిపిస్తోంది. అన్నీ జతచేసి సంస్థ ఫిర్యాదుల అధికారికి రాశాను. నెలలోపు జవాబు రాకపోతే హైదరాబాదులో బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కు వెళ్తానని కూడా రాశాను. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

ఇరవై రోజులకు రెండో సర్వేయరు వచ్చారు. పెద్దాయన, ఓపికగా రెండు గంటలు ఉన్నారు. వీధి గది బీటలో ఇటుక అంచు ఎర్రగా, పచ్చిగా ఉంది. వంటింట్లోనూ ఒక బీట ఉంది. అందులోకి టార్చి వేసి నన్ను చూడమన్నారు. లోపల పాత సున్నం, సాలెగూడు. "ఇది వరదకు ముందుదమ్మా, రాయలేను" అన్నారు. నిజమే, నేను కాదనలేదు. ఇంజనీరు ఫీజు కూడా క్లెయిములో అయిదు శాతం వరకు అడగవచ్చని చెప్పింది ఆయనే.

మేము అడిగింది 4,20,000. జనవరిలో 2,86,000 వచ్చాయి. వీధి వైపు పునాది కింద కాంక్రీటు నింపించాం. వంటింటి మూల మిగిలింది. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపాక, ఊటనీరు దిగిన తర్వాత, అది మా డబ్బుతోనే చేయించాలి.