అచ్చుల దగ్గర తెగే గొంతు

నా గొంతు ఒక్కరోజులో చెడిపోలేదు. ముప్పై దాటిన కొత్తలో, రాజమహేంద్రవరంలోని ఒక బ్యాంకు కౌంటరులో కూర్చుని ఖాతాదారులతో మాట్లాడుతున్నప్పుడు, కొన్ని మాటలు మధ్యలో తెగిపోవడం మొదలైంది. ‘ఆధార్ ఇవ్వండి’ అనబోతే మొదటి అచ్చు లోపలే బిగుసుకుపోయి, ఎవరో మెడ పట్టుకుని నొక్కుతున్నట్టు పిండుకుంటూ బయటికి వచ్చేది. మొదట్లో అందరూ జలుబు చేసిందా అమ్మా అని అడిగేవారు. కొన్ని నెలలు గడిచాక, ఫోనులో నా మాట విన్నవారు ఏడుస్తున్నారా అని అడగసాగారు. చిన్నతనంలో వసపిట్ట అనిపించుకున్న నేను, ఫోను మోగితే దాన్ని పక్క సీటులోని సహోద్యోగి వైపు జరిపే స్థితికి వచ్చాను.

ఇంట్లో చేయవలసినవన్నీ చేశారు. మిరియాల పాలు, అతిమధురం, రాత్రిపూట బుగ్గన కరక్కాయ ముక్క, ఆఖరికి చంటిపిల్లలకు పెట్టినట్టు వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించడం కూడా అయింది. వైద్యులు మొదట గొంతు వాపు అన్నారు. తరువాత కడుపులోని ఆమ్లం పైకి తన్నుతోందని నెలల తరబడి మాత్రలు వాడించారు. ఆ తరువాత వెళ్లిన ఒక వైద్యుడు స్వరతంతువులు శుభ్రంగా ఉన్నాయని, నేను మనసులో ఏదో పెట్టుకుని కుమిలిపోతున్నానని, పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందని మా అమ్మతో చెప్పారు. ఆ మాటను మా ఇల్లు చాలాకాలం నమ్మింది. నమ్మడానికి కారణం లేకపోలేదు. వరలక్ష్మీ వ్రతం నాడు నేను మంగళహారతి పాడితే ఒక్క అక్షరం కూడా తెగలేదు. నవ్వితే గొంతు మామూలుగానే ఉండేది. అన్నయ్య కొడుకును ఎత్తుకుని ముద్దుమాటలు ఆడితే సాఫీగా వచ్చేది. పాడగలిగిన పిల్ల మాట్లాడలేకపోవడం ఏమిటని పిన్నులు, అత్తయ్యలు అనుకున్నారంటే వారిని నేను తప్పుపట్టలేను. కానీ అన్నీ తెలిసిన వైద్యుడు అలా అనడాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ఆ వింతే ఈ జబ్బును గుర్తుపట్టే ఆనవాలని హైదరాబాదులో తెలిసింది. అక్కడ గొంతు వైద్యుడు, వాక్ చికిత్సకురాలు ఇద్దరూ కలిసి నన్ను పరీక్షించారు. ముక్కులోంచి సన్నని, వంగే గొట్టం దించి, ఊరికే ‘ఈ’ అనిపించి వదిలేయకుండా వాక్యాలు చెప్పించారు, పాడించారు, గుసగుసగా మాట్లాడించారు, ఇంగ్లీషులో ఎనభై నుంచి ఎనభై తొమ్మిది వరకు లెక్కపెట్టించారు. ‘ఎయిటీ’ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ప్రతి అంకె దగ్గరా నా గొంతు పట్టేసింది. అరవైలు లెక్కపెట్టమన్నప్పుడు, ‘సిక్స్‌టీ’లోని స, క, ట ధ్వనులకు స్వరతంతువులు కంపించనక్కరలేదు కాబట్టి, చాలావరకు తేలికగా వచ్చింది. నేనూ తెర మీద చూశాను. అచ్చు పలకవలసిన క్షణంలో రెండు స్వరతంతువులు ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుని గాలికి దారి మూసేస్తున్నాయి. నేను చేస్తున్న పని కాదది. నేను ఆపగలిగిన పనీ కాదు.

జబ్బు పేరు స్పాస్మోడిక్ డిస్ఫోనియా. ఇటీవల లారింజియల్ డిస్టోనియా అని కూడా అంటున్నారు. కదలికలను అదుపు చేసే మెదడు వ్యవస్థలో తేడా రావడం వల్ల, మాట్లాడేటప్పుడు మాత్రమే స్వరపేటిక కండరాలు తమంతట తాము బిగుసుకుపోతాయి. పాటకు, నవ్వుకు, గుసగుసకు మెదడు స్వరపేటికను నడిపే తీరు వేరు కాబట్టి అవి చాలామందిలో చెడకుండా మిగులుతాయి. 1871లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ ట్రౌబే దీన్ని మొదటిసారి వర్ణించినప్పుడు నరాల బలహీనత వల్ల వచ్చిన బొంగురుగానే భావించాడు. ఆ తరువాత వంద సంవత్సరాల పాటు రోగులు ఇది మనోవ్యాధి అన్న మాటే వింటూ వచ్చారు. ఆందోళన ఉంటే గొంతు మరింత పట్టేస్తుందన్నది నిజమే, కానీ ఆందోళన జబ్బుకు మూలం కాదు. అమెరికా ఆరోగ్య శాఖ కార్యదర్శి రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ మాట్లాడుతుండగా టీవీలో విన్నవారికి నా గొంతు ఎలా ఉంటుందో కొంత ఊహకు అందుతుంది. ఆయనకూ ఇదే జబ్బు. అక్కడి రేడియోలో దశాబ్దాల పాటు కార్యక్రమం నడిపిన డయాన్ రేమ్‌కు 1998లో ఇదే నిర్ధారణ కాగా, ఆమె చికిత్స తీసుకుని తిరిగి మైకు ముందుకు వచ్చారు. ఆ సంగతి తెలిసిన రాత్రి నేను చాలా రోజుల తరువాత హాయిగా నిద్రపోయాను.

మన భాషలో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. నాకున్న రకంలో అచ్చులు, స్వరతంతువులు కంపించే హల్లులు కష్టం. బ్యాంకులో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాటల చివర ట, స, క వంటివి వచ్చి గొంతుకు కాస్త తెరపి దొరికేది. ఇంటికి వచ్చి అమ్మతో తెలుగులో నాలుగు వాక్యాలు చెప్పేసరికి మెడ నొప్పి పుట్టేది. అయినవారితో మాట్లాడే భాషే ఎక్కువ కష్టం కావడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది.

దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. స్వరతంతువులలోని కండరానికి, దాన్ని కొంతకాలం వదులుచేసే బోట్యులినం టాక్సిన్ అనే మందును అతి స్వల్ప మోతాదులో ఇంజెక్షన్‌గా ఇస్తారు. 1984లో న్యూయార్కులో ఆండ్రూ బ్లిట్జర్ అనే వైద్యుడు దీన్ని గొంతుకు మొదటిసారి వాడారు. కంఠమణి కిందనున్న చిన్న పల్లంలోంచి సూది లోపలికి వెళుతుంది. ఆ సూదే కండరంలోని విద్యుత్ సంకేతాలను కూడా పట్టే తీగ. వైద్యుడు ‘ఈ అనండి’ అంటారు. నేను అనగానే పక్కనున్న యంత్రం చిటపటలాడుతుంది, ఆ చప్పుడు దట్టంగా వినిపించిన చోట మందు వదులుతారు. దగ్గు వస్తుంది, కానీ దగ్గకూడదు. అంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి ఇల్లు చేరతాను. రెండు మూడు రోజుల్లో గొంతు వదులై, గాలి కలిసిన గుసగుసగా మారుతుంది. ఆ వారం పది రోజులు మంచినీళ్లు తాగినా పొలమారుతుంది కాబట్టి, గడ్డం ఛాతీ వైపు వంచి గుక్కగుక్కగా మింగాలి. ఆ తరువాత మంచి గొంతు వస్తుంది, సుమారు మూడు నెలలు ఉంటుంది. ఆపైన అచ్చులు ఒక్కొక్కటిగా మళ్లీ తెగడం మొదలవుతుంది. చికిత్సకురాలు నేర్పిన ఊపిరి సాధన, అచ్చు ముందు సన్నగా ‘హ’ చేర్చి మొదలుపెట్టే పద్ధతి ఆ మంచి కాలాన్ని కొంత పొడిగిస్తాయి. నా విషయంలో కోలుకోవడమంటే ఇదే: ఏడాదిలో ఎక్కువ నెలలు మాట ఉండడం, లేని నెలల్లో కూడా బతుకు సాగడం.

ఇది తెలిశాక మా ఇంట్లో సంబంధాల మాట మళ్లీ కదిలింది. ఇంజెక్షన్ చేయించుకుని, రెండు వారాలు ఆగి, గొంతు కుదురుకున్నాక పెళ్లిచూపులు పెట్టుకుందామని అమ్మ అంది. ఆమె దృష్టిలో అది మోసం కాదు. పెళ్లిచూపుల నాడు మంచి చీర కట్టుకోవడం లాంటి మామూలు జాగ్రత్త. నేను ఒప్పుకోలేదు. నాతో ఏళ్ల తరబడి కాపురం చేయవలసిన మనిషి ఏడాదిలో కొన్ని నెలలు వినబోయే గొంతును పెళ్లయ్యాక మొదటిసారి వినకూడదని పట్టుబట్టాను. జబ్బు పేరు, చికిత్స, దాని గడువు మధ్యవర్తి ద్వారా ముందే చెప్పించాను. చాలామంది అక్కడితో ఆగిపోయారు. వచ్చిన ఒకరిద్దరు నా వైపు చూడకుండా అమ్మనే అన్నీ అడిగారు.

ఆయన వచ్చింది మందు ప్రభావం పూర్తిగా తగ్గిన రోజుల్లో. ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖ ఇంజినీరుగా పనిచేస్తున్నారు. మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. ఆయన తల్లిగారు పేరేమిటమ్మా అని అడిగారు. నా పేరు అచ్చుతో మొదలవుతుంది. అది గొంతులో పట్టేసి, విడివడి, మళ్లీ పట్టేసింది. ఈలోగా మా పిన్ని నా పేరు చెప్పేసింది. ఆయన పిన్ని వైపు తిరగలేదు. నా వైపే చూస్తూ, అసలు పేరు ఇంకా వినబడనట్టే ఆగారు. నేను పూర్తిగా చెప్పాక తల ఊపి, ‘మాట్లాడితే నొప్పిగా ఉంటుందాండీ?’ అని అడిగారు. మెడ అలసిపోతుందని, నొప్పి తక్కువేనని చెప్పాను. ‘అయితే మీరు మాట్లాడండి, నాకు తొందర లేదు’ అన్నారు.

వెంటనే ఔననలేదు ఇద్దరమూ. కొన్నాళ్లు కలుసుకుంటూ మాట్లాడుకోవాలని అనుకున్నాం. ఎక్కడ కూర్చోవాలన్నది మాకు చిన్న విషయం కాదు. పుష్కర ఘాట్ దగ్గర జనం, ఆనకట్ట దగ్గర నీళ్ల హోరు, హోటళ్లలో పాటలు. గొంతు పెంచి మాట్లాడబోతే నాకు ఉన్న మాట కూడా పోతుంది. చివరికి కాటన్ మ్యూజియం ఆవరణలోని చెట్ల నీడ మాకు అనువైన చోటయింది. ఫోను గొంతును మరింత బిగిస్తుంది కాబట్టి, మా మధ్య ఫోను సంభాషణలు చాలా తక్కువ. రాత్రిళ్లు సందేశాలు రాసుకునేవాళ్లం.

ఒకరోజు టిఫిను హోటలులో నేను పూరీ చెప్పాను. ఆయన కాసేపు చూసి, ‘మీరు ఎప్పుడు వచ్చినా పూరీయే చెబుతారు, సగం వదిలేస్తారు. ఇష్టమేనా?’ అని అడిగారు. ఇడ్లీ అనడం కష్టం, పూరీ అనడం తేలిక అని చెప్పాను. నోటికి సులువైన మాటను బట్టి తిండి ఎంచుకుంటున్నానని అప్పటివరకు ఎవరూ కనిపెట్టలేదు. ఆయన నా బదులు ఇడ్లీ తెప్పించలేదు. సర్వరు మళ్లీ వచ్చేదాకా ఉండి, నేను ‘ఇడ్లీ’ అని చెప్పుకునేదాకా ఆగారు. సర్వరు విసుక్కున్నాడు, వెనుక బల్ల వారు తిరిగి చూశారు. ఆయన మాత్రం గ్లాసులో నీళ్లు తాగుతూ కూర్చున్నారు. మాట కష్టమైన వారితో స్నేహం చేసేవారు చాలామంది ప్రేమ కొద్దీ వాక్యాలు పూర్తి చేస్తారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ ఆ పూర్తయిన వాక్యం నాది కాదు.

తగాదాలు కూడా వచ్చాయి. కోపం వస్తే నా గొంతు మొత్తం మూసుకుపోతుంది. ఆయన మొదటి పెళ్లి గురించి ఒకసారి మాటామాటా పెరిగినప్పుడు నాకు ఒక్క అక్షరం రాలేదు. నేను ఊరుకున్నాననుకుని ఆయన వేరే సంగతి ఎత్తారు. నేను అప్పటికప్పుడు బ్యాగులోంచి కాగితం తీసి, ‘నా మాట అయిపోలేదు’ అని రాసి చూపించాను. ఆయన చదివి మళ్లీ కూర్చున్నారు. నేను గుసగుసగా చెప్పాను, రాసి చెప్పాను. ఆయన చాలాసేపు లేవలేదు. ఆ సాయంత్రం తరువాతే నేను ఇంట్లో ఔనని చెప్పాను.

పెళ్లికి ముందు ఆయన తల్లిగారు పిల్లలకు వస్తుందేమోనని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ముగ్గురం కలిసి హైదరాబాదు వెళ్లాం. చాలామంది రోగులకు కుటుంబంలో ఇటువంటిది ఉండదని, కొద్దిమంది ఇళ్లలో మాత్రం కనిపిస్తుందని, రాదని హామీ ఇవ్వలేనని వైద్యుడు దాచకుండా చెప్పారు. దానితో పాటు మేము ఊహించని మరో మాట కూడా చెప్పారు. గర్భం సమయంలో, బిడ్డకు పాలిచ్చే కాలంలో ఈ మందు భద్రతకు తగినంత ఆధారం లేదు కాబట్టి సాధారణంగా ఇంజెక్షన్ ఆపేస్తారట. అంటే బిడ్డ కావాలనుకుంటే నేను చాలాకాలం తెగే గొంతుతోనే ఉండాలి. తిరుగు రైలులో అత్తగారే నా చేయి పట్టుకుని, ‘పాడితే తెగదన్నావుగా, జోలపాటలకు ఇబ్బంది లేదు, మిగతావి మేం చూసుకుంటాం’ అన్నారు.

ఇప్పుడు మేము బిడ్డ కావాలనుకున్నాం. ఈసారి విడత ఇంజెక్షన్ తీసుకోలేదు. గొంతు ఇప్పటికే పట్టడం మొదలైంది. కౌంటరు నుంచి రుణ పత్రాల పరిశీలనకు మార్చమని బ్యాంకులో అర్జీ పెట్టాను. మందు లేని ఈ కాలంలో నా తరపున ఎప్పుడు మాట్లాడవచ్చో, ఎప్పుడు మాట్లాడకూడదో ఇద్దరం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. కరెంటు ఆఫీసు, గ్యాసు, కొరియరు ఫోనులు ఆయనవి. నా ఆరోగ్యం గురించి ఎవరు ఏమి అడిగినా జవాబు నాదే. పురిటి గదిలో నేను చెప్పేది పూర్తయ్యేవరకు ఆగాలని, ఆయనను అడిగి నిర్ణయాలు తీసుకోవద్దని ప్రసూతి వైద్యురాలికి ముందుగానే రాసి ఇవ్వాలన్నది ఆ కాగితంలో మొదటి అంశం.